గూగుల్‌లో మొదటి పేరు: డబ్బు కట్టవలసిన పనేనా?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఆర్. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకన్నా బాగా తెలిసినవారు ఇంతకుముందే మాట్లాడారు. నేను ఎత్తుకునే విషయం వినగానే ‘ఇది మనకెందుకు’ అని కొందరికి అనిపించవచ్చు. మన పిల్లల్లో కొందరు పచ్చళ్ళ కొట్టో, ట్యూషన్ సెంటరో, టైలరింగ్ షాపో సొంతంగా పెట్టుకుంటున్నారు. పెట్టుబడి ఎక్కడిది? మన గ్రాట్యుటీ, మన కమ్యుటేషన్. కొట్టు తెరిచి నెల తిరక్కుండానే ఒక ఫోన్ వస్తుంది: “మీ వెబ్‌సైటును గూగుల్‌లో మొదటి స్థానంలో నిలబెడతాం, గ్యారంటీ. ఏడాదికి ఒకేసారి కడితే తగ్గింపు.” ఈ పనికే సెర్చ్ ఇంజన్ ఆప్టిమైజేషన్ అని పేరు. పొట్టిగా ఎస్.ఇ.ఓ. అంటారు. మన సభ్యులొకరు తమ అమ్మాయి పచ్చళ్ళ కొట్టుకు వచ్చిన అటువంటి కొటేషన్ తెచ్చి నాకు చూపించారు. నెలకు 15,000 రూపాయలు, జి.ఎస్.టి. అదనం. కట్టమంటారా, వద్దంటారా అని అడిగారు. ఆయనకు చెప్పిన సంగతులే ఇక్కడ కాస్త వివరంగా మనవి చేస్తాను.

ముందు ఆ యంత్రం పనిచేసే తీరు చూద్దాం. గూగుల్ వారి ప్రోగ్రాములు వెబ్‌సైట్లన్నీ తిరుగుతూ పేజీలు చదివి, మన రికార్డు రూములో ఇండెక్సు రిజిస్టరు రాసినట్టు రాసుకుంటాయి. మనం ‘ఆవకాయ’ అని కొట్టగానే ఆ రిజిస్టరు నుంచి పేజీలు తీసి వరుసలో పెడతాయి. ఆ వరుస దేన్నిబట్టి? 1998లో గూగుల్ స్థాపించిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అంతకుముందు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థులు. ఒక పేజీకి ఇతర పేజీలు ఇచ్చే లింకును వారు సిఫారసుగా లెక్కకట్టారు. సిఫారసు చేసేవారికి పరపతి ఉంటే దాని విలువ ఎక్కువ. ఊరికి కొత్తగా వచ్చినవాడు మంచి డాక్టరెవరని నలుగురిని అడిగినట్టే. ఇప్పుడు ఇంకా అనేక అంశాలు చూస్తారు గాని, లింకుల లెక్క మాత్రం పోలేదు.

సిఫారసుకు విలువ ఉందని తెలిశాక సిఫారసు ఉత్తరాలు అమ్మేవారు బయలుదేరకుండా ఉంటారా! అమెరికాలో జె.సి. పెన్నీ అని పాత, పెద్ద దుకాణాల సంస్థ ఉంది. దుస్తులన్నా, దుప్పట్లన్నా, తివాచీలన్నా గూగుల్‌లో కొన్ని నెలలపాటు వారి పేరే మొదట వచ్చేది. 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ పత్రిక దీని గుట్టు బయటపెట్టింది. బట్టలతో ఏ సంబంధమూ లేని వేలాది పేజీలలో వారికి లింకులు పెట్టించి ఉన్నాయి. గూగుల్ చర్య తీసుకోగానే ఆ పేరు రోజుల్లోనే అడుగుకు పడిపోయింది. ఆ లింకుల సంగతి తమకు తెలియదని కంపెనీ చెప్పుకుని, ఎస్.ఇ.ఓ. పని చేసే సంస్థను తొలగించింది. అంతకుముందు 2006లో జర్మనీలో బి.ఎం.డబ్ల్యు. కార్ల కంపెనీ వెబ్‌సైటునే గూగుల్ కొద్ది రోజులు జాబితాలోంచి తీసేసింది. యంత్రానికి ఒక పేజీ, మనిషికి ఇంకొక పేజీ చూపించారని కారణం. అంత పెద్ద కంపెనీలు తట్టుకున్నాయి. మన అమ్మాయి కొట్టు తట్టుకుంటుందా? పని చేసినవాడు డబ్బు తీసుకుని పోతాడు, శిక్ష సైటుకు పడుతుంది.

ఇక గ్యారంటీ మాట. మొదటి స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ తన సూచనలలో తానే రాసింది. డబ్బు తీసుకుని మామూలు వరుసలో పైకి జరపడం లేదని కూడా చెప్పింది. డబ్బుకు దొరికేది ప్రకటన. అది విడిగా, ప్రకటన అని తెలిపే గుర్తుతో వస్తుంది. ప్రకటనకు కట్టడం తప్పేమీ కాదు, కాకపోతే కట్టడం ఆపిన రోజున అదీ ఆగుతుంది.

మరి గ్యారంటీ ఇచ్చినవారు ఏదో ఒకటి చూపిస్తారు కదా అనవచ్చు. చూపిస్తారు. కొట్టు పేరే కొట్టి చూపిస్తారు. ఆ పేరున్న కొట్టు ఇంకొకటి లేకపోతే అది కాక ఇంకేం వస్తుంది? లేదా ఎవరూ వెతకని పొడుగాటి మాటల వరుస ఒకటి కల్పించి, దానికి మొదటి స్థానం తెచ్చామంటారు. వెతికేవారు ఉన్న చోటునుబట్టి కూడా జవాబు మారుతుంది గనుక, మన కొట్టులో కూర్చుని మన ఫోనులో చూసుకుంటే మన పేరు పైకి రావడంలో వింత లేదు.

చుట్టుపక్కల వీధుల బేరం మీద నడిచే కొట్టుకు నెలవారీ ఎస్.ఇ.ఓ. అనవసరమని నా అభిప్రాయం. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అని ఒకటుంది. అది ఉచితం. కొట్టు పేరు, చిరునామా, ఫోన్ నంబరు, తెరిచే వేళలు, ఫోటోలు అందులో పెట్టుకోవచ్చు. మ్యాపులో కొట్లను చూపించేటప్పుడు మూడు విషయాలు ముఖ్యంగా చూస్తామని గూగుల్ చెబుతుంది: అడిగినదానికి సంబంధం, దూరం, పదిమందిలో పేరు. ఇందులో దూరాన్ని ఏ ఎస్.ఇ.ఓ. వాడూ తగ్గించలేడు. పేరు కావాలంటే నిజంగా కొన్నవారిని నాలుగు మాటలు రాయమని అడగాలి, దొంగ మెప్పులు కొనకూడదు. సొంత వెబ్‌సైటు ఉంటే ధరలు, రకాలు బొమ్మలో అచ్చువేసి వదిలేయకుండా అక్షరాలలోనే రాయాలి. ‘ఆవకాయ’ అని తెలుగు లిపిలో కొట్టేవారున్నారు, ఇంగ్లీషు అక్షరాలలో కొట్టేవారున్నారు, కనుక పేజీలో రెండూ ఉండాలి. ఇదంతా ఇంటర్ చదివే మనవడు రెండు ఆదివారాల్లో చేసిపెడతాడు.

అయితే ఎప్పుడూ కట్టవద్దని నేననను. హైదరాబాదుకో, అమెరికాలోని మనవాళ్ళకో పార్సిల్ పంపే వ్యాపారం వేరు. అక్కడ పోటీ ఎక్కువ. సైటు మార్చినప్పుడు పాత పేజీల చిరునామాలు తెగిపోయినా, పొరపాటున ‘జాబితాలో చేర్చవద్దు’ అనే గుర్తు సైటులో మిగిలిపోయినా తెలిసినవారికి డబ్బిచ్చి బాగుచేయించుకోవలసిందే. కాని లెక్క వేసుకోవాలి. నెలకు 15,000, దానిమీద 18 శాతం జి.ఎస్.టి. కలిపితే 17,700. కిలో పచ్చడికి వంద రూపాయలు మిగులుతుందనుకుందాం. ఆ ఖర్చు రాబట్టడానికే నెలకు 177 కిలోలు అదనంగా అమ్మాలి. అమ్మాయి అంత పచ్చడి కలపగలదా, జాడీలు పెట్టడానికి చోటుందా అన్నవి తర్వాతి ప్రశ్నలు. పైగా ఫలితం కనబడడానికి సాధారణంగా నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని గూగులే చెబుతుంది. ముప్పై రోజుల్లో అన్నవాడిని, అందుకే, గుమ్మం దగ్గరే ఆపవచ్చు.

నేను ఉద్యోగమంతా బిల్లులు చూసినవాణ్ణి. ఎం.బుక్‌లో కొలతలు ఎక్కనిదే బిల్లు పాసు చేసేవాళ్ళం కాదు. ఇక్కడా అదే పద్ధతి. ఏ పేజీలో ఏం మార్చారో నెలనెలా రాసి ఇవ్వమనాలి. ఆ నెలలో ఎన్ని ఫోన్లు, ఎన్ని ఆర్డర్లు వచ్చాయో మనవైపు ఒక పుస్తకంలో రాసుకోవాలి. లింకులు కొనబోమని కాగితం మీద రాయించుకోవాలి. వెబ్‌సైటు పేరు, బిజినెస్ ప్రొఫైల్ రెండూ మన పేరు మీదే ఉండాలి. ఇది చాలా ముఖ్యం. అవి వాళ్ళ పేరు మీద ఉంటే, పని నచ్చక మానేద్దామన్నా తాళాలు వాళ్ళ దగ్గరే ఉండిపోతాయి. ఏడాది అడ్వాన్సు మాత్రం ఇవ్వకండి.

ఒక మాట కలుపుతాను. 2024 ఆగస్టు నుంచి మన దేశంలో కూడా గూగుల్ కొన్ని ప్రశ్నలకు పైభాగంలో ఏ.ఐ.తో జవాబు రాసి పెడుతోంది. ఆ జవాబులో మీ పేరు వచ్చేట్టు చేస్తామని కొత్త కొటేషన్లు బయలుదేరాయి. వాటిని కూడా ఈ కొలతతోనే కొలవండి.

ఎవరి ఇంట్లోనైనా ఇటువంటి కాగితం ఉంటే సంతకం పెట్టకముందు ఆదివారం ఉదయం సంఘ కార్యాలయానికి తీసుకురండి, కలిసి చదువుదాం. అమ్మాయినో అబ్బాయినో కూడా వెంట తీసుకొస్తే మంచిది. పాస్‌వర్డులు వాళ్ళ దగ్గరే కదా ఉంటాయి.