కోళ్ళ గూడు – నాలుగంగుళాల సందు

(బరంపురంలో జరిగిన ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నన్ను పొదుపు గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. బ్యాంకు గుమాస్తాగా పనిచేసినవాడు ఇంకేం మాట్లాడతాడని అనుకుని ఉంటారు. కానీ నేను కోళ్ళ గూడు గురించి మాట్లాడతాను. మీలో చాలామంది ఇళ్ళలో నాలుగు కోళ్ళున్నాయని నాకు తెలుసు. పైగా పొదుపు చేయబోయి నేను చేసిన తప్పు కూడా అందులోనే ఉంది.

నేను 2019లో రిటైరయ్యాను. మా పెరడు పెద్దదే గాని ఖాళీగా పడి ఉండేది. మా వీధి చివర ఒక్క గది అద్దెకు తీసుకుని ఉంటున్న ఒకామె, మన ట్రస్టు ఉపకార వేతనం అందుకుంటున్న ఒక అమ్మాయి తల్లి, కోళ్ళు పెంచుకోవాలని ఉంది గాని చోటు లేదంది. 'మా పెరట్లో పెట్టుకో అమ్మా, గూడు నేను కట్టిస్తాను, బాధ్యత నాది' అన్నాను. దాణా ఆమెది, చోటు నాది. 16 పెట్టలు, 2 పుంజులు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ వారు తయారుచేసిన గ్రామప్రియ రకం. పెరట్లో తిరిగి మేసే కోళ్ళకు సరిపోయే రకం అది. రోజుకు ఏడెనిమిది గుడ్లు వచ్చేవి. కాలేజీ ఫీజు ట్రస్టు ఇచ్చేది. బస్సు పాసు, పుస్తకాలు, పరీక్ష ఫీజు ఆ గుడ్ల మీదే నడిచేవి.

గూడు 8 అడుగులు పొడవు, 5 అడుగులు వెడల్పు వేశాం. కోడికి రెండు చదరపు అడుగుల లెక్కన 18 కోళ్ళకు 36 కావాలి, 40 ఉన్నాయి. కింద అడుగున్నర ఇటుక గోడ, దాని మీద జాలీ, పైన రేకులు. రేకులు మాత్రం గట్టిగా బిగించాం. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు మా వీధిలో ఎవరి రేకులు ఎవరి దొడ్లో పడ్డాయో తెల్లారేదాకా తెలియలేదు. ఆ సంగతి ఈ ఊళ్ళో ఎవరూ మర్చిపోరు. అందుకని ప్రతి వాసానికి హుక్కు బోల్టు వేయించాను.

జాలీ దగ్గరే నా లెక్క మొదలైంది. కొట్లో రెండు రకాలున్నాయి. ఒకటి ఆరు మూలల కన్నుల సన్న తీగ జాలీ, దాన్నే అందరూ కోళ్ళ జాలీ అంటారు. రెండోది అరంగుళం కన్ను వెల్డ్ మెష్. రెండోది కొంటే రెండు వేల చిల్లర ఎక్కువ. కోళ్ళ జాలీయే కొన్నాను. ఇప్పుడు తెలిసిందేమిటంటే, ఆ జాలీ కోడిని లోపల ఉంచడానికి పనికొస్తుంది గాని జంతువును బయట ఉంచడానికి పనికిరాదు. కుక్క పళ్ళతో పట్టి లాగితే తీగ విడిపోతుంది. ఆ కన్నులోంచి పిల్ల పాము దూరుతుంది, పిల్లి పంజా దూరుతుంది. సముద్రపు గాలికి రెండు మూడు వానాకాలాల్లో తుప్పు పడుతుంది.

నాలుగు వైపులా కొట్టేసరికి రోలు అయిపోయింది. గోడ దూలానికి, రేకుకి మధ్య ముందువైపు నాలుగంగుళాల సందు మిగిలింది. నాలుగంగుళాల కోసం ఇంకో రోలా? గాలి ఆడుతుందిలే అన్నాను. ఆరడుగుల ఎత్తు కదా, ఎవడెక్కుతాడు అనుకున్నాను. పక్కనే జామచెట్టు, దాని కొమ్మ రేకుల మీదికి వాలి ఉంది. రోజూ చూస్తూనే ఉన్నాను.

2022 వేసవిలో పట్టపగలు ఒక ముంగిస వచ్చి, బయట మేస్తున్న కోడిపిల్లను ఎత్తుకుపోయింది. అంతే, నా బుర్రంతా ముంగిస మీదే. గూడు చుట్టూ రాళ్ళు పేర్చాను, పందికొక్కు బొరియల్లో గాజుపెంకులు దట్టించాను. బ్యాంకులో సాయంత్రం లెక్క తేలనప్పుడు కొందరు జమ వైపే పదిసార్లు కూడుతుంటారు, తేడా ఖర్చు వైపు ఉంటుంది. నాదీ అదే వరస. ముంగిస పగలు తిరిగే జీవి. కోళ్ళు గూట్లో ఉండేది రాత్రి.

జులైలో ఒక వాన రాత్రి గూట్లో గోల నాకు వినబడలేదు. తెల్లవారి ఆమె తలుపు తీస్తే 18లో 11 చచ్చి పడున్నాయి. చాలావాటికి మెడ దగ్గర కాటు తప్ప ఇంకే దెబ్బా లేదు. కోడికి చీకట్లో కళ్ళు కనపడవు, కర్ర మీంచి కదలదు. లోపలికి వచ్చిన జంతువుకు ఆకలి తీరినా ఎదురుగా కొట్టుకుంటున్నది కనబడితే వదలదు. రేకు అంచున బురద పంజా గుర్తులు, జామకొమ్మ మీద గీతలు ఉన్నాయి. మానుపిల్లో, అడవిపిల్లో చూసినవాళ్ళం కాదు. దారి మాత్రం నేను వదిలిన సందే.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఈకలు ఊడ్చింది. అప్పుడు అడిగాను, పరీక్ష ఫీజు ఎప్పుడు కట్టాలని. ఇంకా తొమ్మిది రోజులుంది. కోడికి 400 చొప్పున 4,400 రూపాయలు తెచ్చి చేతిలో పెట్టాను. ఆమె రెండుసార్లు లెక్కపెట్టుకుని, 'ఇది మీరు సాయం చేసింది కాదు బాబుగారూ, నా కోళ్ళ డబ్బులు' అంది. అవునమ్మా అన్నాను. 'గూడు మాత్రం ఈసారి సరిగ్గా కట్టించండి' అంది. గూడు ఖర్చు పుస్తకంలో ఆ 4,400 జాలీ పద్దు కిందే రాశాను. మిగిలిందనుకున్న రెండు వేలు ఆ పద్దులోనే ఉన్నాయి.

రెండోసారి కట్టింది చెబుతాను, ఇది మీకు పనికొస్తుంది. అంతా అరంగుళం వెల్డ్ మెష్. సందు, కిటికీ, రేకు వంపుల కింద కూడా అదే. గాలి కోసం సందు ఉండాల్సిందే, మూసేస్తే రెట్ట ఘాటుకు కోళ్ళ కళ్ళు పాడవుతాయి. సందు ఉంచి జాలీ కొట్టాలి. మేకులు వంచి కొట్టడం కాదు, చెక్కపట్టీ వేసి స్క్రూలు బిగించాలి. నేల వైపు లోతుగా తవ్వనక్కర్లేదు. గోడ మొదట్లోంచి బయటికి అడుగున్నర వెడల్పున జాలీ పరిచి, రెండంగుళాల మట్టి కప్పితే చాలు. తవ్వే జంతువు గోడ వారనే మొదలుపెడుతుంది, కాళ్ళకు తీగ తగులుతుంది, వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు. తలుపుకు గడియ ఒక్కటే చాలదు, గడియకు కొక్కెం కూడా ఉండాలి. జామకొమ్మ కొట్టించాను. మా ఆవిడ ఇప్పటికీ ఆ కాయల గురించి దెప్పుతుంది.

ఏదైనా నష్టం జరిగితే ముందు గుర్తులు చూడండి, తర్వాత జాలీ కొనండి. పెంకు కూడా లేకుండా గుడ్డు మాయమైతే పాము పని కావచ్చు. పెంకులు చిందరవందరగా ఉంటే ముంగిసో ఎలుకలో. ఈకలు దొడ్డంతా పరుచుకుని ఉంటే కుక్క. రాత్రి దాణా గూట్లో వదలకండి. దానికి ఎలుకలు వస్తాయి, ఎలుకల కోసం జెర్రిపోతు వస్తుంది. ఇక టీకాల సంగతి. కొక్కెర తెగులుకు మొదటి వారంలో లసోటా చుక్క, ఎనిమిదో వారంలో ఆర్2బి సూది పశువుల ఆసుపత్రిలో అడిగి వేయించండి. ఆ తెగులుకు ఏ జాలీ అడ్డుపడదు.

పొద్దు గుంకాక తలుపు వేసేది ఇప్పటికీ నేనే. వేశాక చుట్టూ ఒకసారి తిరుగుతాను, టార్చి పైకి కూడా వేస్తాను. రెండోసారి కట్టాక ఇంతవరకు గూట్లో ఒక్క కోడీ పోలేదు. బయట మేతలో మాత్రం గద్ద రెండు పిల్లల్ని తన్నుకుపోయింది, దానికి నా దగ్గర ఇంకా ఉపాయం లేదు. ఇక్కడ ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

రెండు రకాల జాలీ ముక్కలు తెచ్చాను, వెనక బల్ల మీద ఉన్నాయి. భోజనాలకు వెళ్ళేముందు చిటికెన వేలు దూర్చి చూడండి. అంచులు కోసుకుంటాయి, పిల్లలు జాగ్రత్త.