పెద్దల బడికి పంతులమ్మలు



30 ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పిన టీచరమ్మకు మళ్ళీ శిక్షణ ఏమిటని మీకనిపించవచ్చు. కాని పెద్దల చదువు తీరే వేరు. కిలో 36 రూపాయలైతే ముప్పావు కిలో 27 అని కూరగాయలమ్మే ఆమె నోటితోనే చెప్పేస్తుంది. ఆమెకు రానిది లెక్క కాదు, అంకె రాయడం. చంటిపిల్లలా ఒకట్లు వల్లె వేయిస్తే మర్నాడు రాదు.

అందుకే అనుభవమున్న పంతులమ్మ ముందు ఆ బెత్తం గొంతు మానుకోవాలి. "ఇంత చిన్నది రాదా?" అనే మాట అసలు రాకూడదు. బస్సు బోర్డు, రేషను కార్డు, మందుసీసా, ఇవే మొదటి వాచకాలు. ఆ తరువాత పదిమంది యువతులకు ఈ పద్ధతి నేర్పాలి. వాళ్ళు పాఠం చెబుతుంటే వెనక కూర్చుని వినాలి. తప్పులుంటే అందరిముందూ కాక, విడిగా చెప్పాలి.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్ళే సారా దుకాణం మూయించారు. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. చదువు అంత దూరం తీసుకుపోతుందమ్మా!

మీలో రిటైరైన పంతులమ్మలున్నారా? మీ వీధిలోనే వేలిముద్ర వేసేవారున్నారు. వారానికి రెండు సాయంత్రాలు చాలు.