ఆర్‌ఓ పొర: మందం కాదు, సమానత్వం

ఇంట్లో నీటిని శుద్ధి చేసే ఆర్‌ఓ యంత్రంలోని గొట్టం విప్పి చూస్తే చాపలా చుట్టిన తెల్లటి పొర కనిపిస్తుంది. ఉప్పును నిజంగా ఆపేది దాని పైపూత మాత్రమే. తల వెంట్రుక మందంలో కొన్ని వందల్లో ఒక వంతే! కింద ఉన్నదంతా దానికి ఆసరా.

1960 ప్రాంతంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, మన దేశంలో పుట్టిన శ్రీనివాస సూరిరాజన్ కలిసి సెల్యులోజ్ అసిటేట్‌తో మొదటి పనికొచ్చే పొర చేశారు. 1965లో అదే రాష్ట్రంలోని కోలింగా పట్టణం ఆ పద్ధతిలో మంచినీళ్లు తాగింది. తర్వాత జాన్ కాడొట్ పాలీఅమైడ్ పూత తెచ్చారు. రెండు రసాయనాలను, ఒకటి నీటిలో, ఒకటి నూనెలాంటి ద్రావకంలో కలిపి, ఒకదానిపై ఒకటి పోస్తే ఆ రెండూ కలిసే చోట క్షణాల్లో పొర కడుతుంది. ఎంత అందమైన ఉపాయం! ఈ పాలీఅమైడ్‌కు క్లోరిన్ పడదు. అందుకే యంత్రంలో ముందుగా కార్బన్ ఫిల్టర్ పెడతారు.

పొర పల్చనైతే నీళ్లు వేగంగా వస్తాయని చాలాకాలం అనుకున్నారు. 2021లో అమెరికా పరిశోధకులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పొర లోపలి సాంద్రతను కొలిచారు. అది అంతటా సమానంగా ఉంటే, మందంగా ఉన్నా నీరు 30 నుంచి 40 శాతం మెరుగ్గా వస్తుందని తేల్చారు. నా దృష్టిలో ఇది పెద్ద మలుపు. అంతే నీటిని పొర గుండా నెట్టడానికి తక్కువ ఒత్తిడి, తక్కువ కరెంటు చాలు.

నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువున్న నల్గొండలాంటి ప్రాంతాలకు ఆర్‌ఓ ఎంతో మేలు చేసింది. కానీ మీ నీటిలో లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపే ఉండి, ఫ్లోరైడ్‌లాంటివి లేకపోతే ఆర్‌ఓ అక్కర్లేదు. కొనేముందు నీటిని పరీక్ష చేయించండి.