తెడ్డు పందెము



నరసాపురపు రేవున నిలిచి చూచినచో వశిష్ఠకు ఆవలి యొడ్డున సఖినేటిపల్లి కానవచ్చును. నావపై నిలువుగా నిలిచి గెడ వేయు పడవవానిని మనము చిన్ననాటినుండి ఎఱుగుదుము. అట్టి నిలుకడయే నేడొక క్రీడ యైనది. పొడవైన పలకపై నిలిచి ఒంటి తెడ్డుతో సాగు పందెమది. హవాయి దీవులలో రూపుగొన్న ఈ క్రీడకు 2012లో పెరూ దేశమున తొలి ప్రపంచ పోటీలు జరిగినవి. 2024 మార్చిలో మంగళూరు చెంత ససిహిత్లు తీరమున అంతర్జాతీయ పందెములు జరిగినవి. తమిళనాటి శేఖర్ పచ్చై పలుమారు జాతీయ విజేత.

మన తీరపు బాలుడొకడు ఈ పందెమునకు పూనుకొన్నచో వాని ఏడాది యెట్లుండును? శ్రావణ భాద్రపదముల వరదలో నదిని ముట్టరాదు. అప్పుడు నేలపైనే వ్యాయామము. నీరు తేరిన పిదప సాధన. తెడ్డును చేతులతోనే గాక నడుముతో లాగవలెను. మోకాళ్లు కొంచెము వంచి యుండవలెను. 200 మీటర్ల పందెమునకు వేగము, దూరపు పందెమునకు ఓర్పు కావలెను. అన్నిటికంటె ముఖ్యము నీటి యెఱుక. పాటులో అంతర్వేది వైపు దిగుట తేలిక. ఎదురీది తిరిగి వచ్చుటయే కష్టము. ఆ యెఱుక లేనివాడు సముద్రము పాలగును.

మత్స్యకారుల బిడ్డలకు ఈ యెఱుక ఉగ్గుపాలతో అబ్బినది. వారికి కావలసినవి పలక, తేలెడు చొక్కా, శిక్షకుడు, వెంట నొక రక్షణ పడవ. ఇవి సమకూర్చినచో కూటి విద్యయే కీర్తికి దారి యగును. నీటికి వెఱచి బిడ్డలను ఒడ్డున నిలుపుట కంటె, నీటిని నేర్పి పంపుట మేలని మా విన్నపము.