కర్చీఫుల లెక్క

పట్టాలు అందుకుంటున్న మీకు అభినందనలు. ఆ గౌన్లలో ఉక్కపోస్తోందని తెలుసు. ఒక్క బగ్గు సంగతి చెప్పి దిగిపోతాను.

పండక్కి ఊరెళ్లేటప్పుడు బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకుంటాం కదా, లినక్స్‌లో ఎమ్‌లాక్ అనే సిస్టమ్ కాల్ చేసే పని అదే. మెమరీ చాలనప్పుడు లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్, పేజీలనే మెమరీ భాగాలను కొన్నిటిని తీసి డిస్కు మీద స్వాప్ అనే చోట పడేస్తుంది. పాస్‌వర్డ్ ఉన్న పేజీ అలా డిస్కుకెక్కితే ప్రమాదం, అందుకని ప్రోగ్రాం దాన్ని కదలకుండా లాక్ చేస్తుంది. బస్సంతా ఒక్కడే కర్చీఫులు పరిచేస్తే ఎలా? అందుకే మామూలు యూజర్‌కు పరిమితి పెట్టారు. చాలా ఏళ్లు అది 64 కిలోబైట్లు. పేజీ 4 కిలోబైట్లయితే 16 పేజీలు.

ఒక ప్రోగ్రాం 30 కిలోబైట్లు లాక్ చేసింది. ముక్క పేజీ ఉండదు కాబట్టి 8 పేజీలు. కాసేపటికి అదే చోటు నుంచి 40 కిలోబైట్లు, అంటే 10 పేజీలు అడిగింది. అందులో 8 ఇదివరకటివే, కొత్తగా కావాల్సినవి రెండే. కెర్నల్ మాత్రం 8కి 10 కలిపి 18 అంది, 16 దాటింది పొమ్మంది. పైగా చెప్పిన కారణం ‘మెమరీ కేటాయించలేను’ అని! గిగాబైట్లు ఖాళీగా ఉన్నా అదే జవాబు. ఆ మాట నమ్మి కొత్త ర్యామ్ కొనుక్కొచ్చినా పని జరగదు.

2016 డిసెంబరులో వచ్చిన లినక్స్ 4.9 వెర్షన్‌లో ఈ బగ్గును సరిచేశారు. అడిగిన మేరలో ముందే లాకైన పేజీలెన్నో చూసి మొత్తంలోంచి తీసేయడం, అంతే. నాకు ముచ్చటేసింది ఆ తీసివేతను పెట్టిన చోటు. అడిగిన ప్రతిసారీ ఆ మేరంతా వెతుక్కుంటూ పోతే అందరికీ ఆలస్యమే. కాబట్టి మొత్తం పరిమితి దాటి, ‘కుదరదు’ అనబోయే ముందు మాత్రమే, అదీ ప్రత్యేక అనుమతి లేని ప్రోగ్రాంకే, కెర్నల్ మళ్లీ లెక్క చూస్తుంది. మిగతావాళ్లకు ఈ వెతుకులాటే ఉండదు. ఇలా ఒకదానిమీదొకటి పడే లాకుల కోసం ఒక టెస్టు కూడా రాసి చేర్చారు.

పరిమితే పెంచేస్తే పోయేది కదా అని ముందు వరుసలో ఎవరో గొణుగుతున్నారు. 2022లో వచ్చిన 5.16లో దాన్ని 8 మెగాబైట్లు చేశారు లెండి. పాత లెక్కే ఉండుంటే, 5 మెగాబైట్లు లాక్ చేసి వాటినే మళ్లీ అడిగినవాడికి అక్కడా అదే గతి.

హాస్టల్ ఖాళీ చేసేలోగా వీలుంటే లినక్స్ టెర్మినల్‌లో ‘యూలిమిట్ మైనస్ ఎల్’ కొట్టి చూడండి. వచ్చే అంకె, కిలోబైట్లలో, మీ కర్చీఫుల కోటా.