కొవ్వుపట్టిన కాలేయము - మూలకణ చికిత్స
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసపాఠము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున కాలేయమును గూర్చిన ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. ఊరిలో చదువరులు పెరిగినకొలది వారిచే చదివింపదలచు ప్రకటనలును పెరిగినవి. నేడు చేతిలోని ఫోను తెరచినచో, ఒక్క సూదిమందుతో పాడైన కాలేయము క్రొత్తది యగునను వాగ్దానములు కనబడుచున్నవి. అందు నిజమెంత, ఆశయెంత, వ్యాపారమెంత యని వేరుచేసి చూచుట గ్రంథాలయమునకు తగిన పనియే.

కాలేయము కడుపులో కుడివైపున ప్రక్కటెముకల చాటున నుండును. పెద్దవారిలో దాని తూకము ఇంచుమించు కిలోన్నర. మేక కార్జమును చూచినవారికి దాని రంగును మెత్తదనమును తెలిసినవే. తిన్న అన్నములోని సారము ప్రేవులనుండి మొట్టమొదట చేరునది దీనికడకే. ఇంటికి గాదె యెట్టిదో దేహమునకు కాలేయ మట్టిది: మిగిలిన చక్కెరను దాచి, అవసరమైనప్పుడు తీసి యిచ్చును. పైత్యరసమును తయారుచేయుట, నెత్తురు గడ్డకట్టుటకు వలసిన పదార్థములను పుట్టించుట, విషములను విరుచుట కూడ దాని పనులే.

తిండి హెచ్చి, ఒంటికి పని తగ్గినప్పుడు గాదె నిండి పొర్లును. మిగులు చక్కెర కొవ్వుగా మారి కాలేయకణములలో చేరును. నూటికి 5 కణములకు మించి కొవ్వు పట్టినచో దానిని ఫాటీ లివర్ అందురు. ఇది త్రాగుబోతుల రోగమని చాలకాలము తలచిరి. 1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో లుడ్విగ్ అను వైద్యుడును అతని తోడివారును, మద్యము ముట్టనివారి కాలేయములలో సైతము అదే చెడుగును గుర్తించి దానికొక పేరు పెట్టిరి. మధుమేహము, స్థూలకాయము, నెత్తుటిపోటు దీనికి చుట్టములు. ప్రపంచమున పెద్దవారిలో ఇంచుమించు నూటికి 30 మందికి ఈ లక్షణ మున్నదని నేటి అంచనా. 2021లో భారత ప్రభుత్వము దీనిని అంటువ్యాధులు కాని రోగముల నివారణ కార్యక్రమమున చేర్చినది.

ఈ రోగమునకు నాలుగు మెట్లు కలవు. మొదటిది కొవ్వు చేరుట, రెండవది వాపు, మూడవది వాపు మానిన చోట నారవంటి మచ్చలు పడుట, నాలుగవది కాలేయమంతయు గట్టిపడి ముడుచుకొనుట. దీనినే సిర్రోసిస్ అందురు. అప్పుడు జలోదరము, పచ్చకామెర్లు, నెత్తుటి వాంతులు, కొందరికి కాన్సరు కూడ రావచ్చును. అందరును కడపటి మెట్టు చేరరు. పలువురు మొదటి మెట్టుననే నిలుతురు. కాని ఏండ్లతరబడి నొప్పి యుండదు గనుక ఎవరు ఏ మెట్టున నున్నారో వారికే తెలియదు.

కడపటి మెట్టున కాలేయమార్పిడి యొక్కటే గట్టి చికిత్స. దానికి దాత కావలెను. లక్షల రూపాయలు కావలెను. జీవితాంతము మందులు వాడవలెను. దాత దొరకని ఇంట మూలకణములన్న మాట వినబడగానే ప్రాణము లేచివచ్చుట సహజము.

మూలకణమన నేమి? అరటిచెట్టు గెలవేసి పడిపోయినను దుంపనుండి పిలక పుట్టును. దేహములో అట్టి దుంపవంటి కణములు కలవు. అవి తమవంటివానిని పుట్టించుకొనుచు, వేరు పనులు చేయు కణములుగను మారగలవు. ఎముకల మూలుగలోని మూలకణములు దినదినము క్రొత్త రక్తకణములను పుట్టించుచుండును. 1961లో కెనడాలోని టొరంటో నగరమున టిల్, మెకల్లక్ అను శాస్త్రజ్ఞులు ఎలుకలపై పరీక్షలు చేసి వీని ఉనికిని చూపిరి. మూలుగ మార్పిడితో రక్తరోగములను నయము చేయు మార్గము చూపిన డొనాల్ థామస్‌కు 1990లో నోబెల్ బహుమానము లభించినది. జపాను దేశీయుడు యమనాకా 2006లో ఎలుక చర్మకణములను, 2007లో మనుష్యుని చర్మకణములను మూలకణములవంటి స్థితికి త్రిప్పి, 2012లో గర్డన్‌తో కలిసి ఆ బహుమానమునే పొందెను. 2013లో జపానులోనే తకేబే బృందము అట్టి కణములతో చిన్న కాలేయపు మొగ్గలను పెంచి ఎలుకలలో నాటగా అవి బ్రతికి పనిచేసినవి. ఇవన్నియు సత్యములు, గొప్ప విజయములు.

కాని ఎలుకలోని మొగ్గ రోగికి మందగుట వేరు. కాలేయరోగులపై ఎక్కువగ పరీక్షింపబడినవి మూలుగ, కొవ్వు, బొడ్డుతాడు మొదలగువానినుండి తీసిన మీసెంకైమల్ కణములు. అవి కాలేయకణములుగా మారి పాడైన చోటును నింపునని మొదట తలచిరి. అట్లు మారునవి బహు స్వల్పమని తరువాత తేలినది. నరములోనికి ఎక్కించిన కణములలో హెచ్చుభాగము ఊపిరితిత్తులలో చిక్కుకొని కొలది దినములలో నశించును. అవి విడుచు రసాయనములు వాపును తగ్గించి, మచ్చలు వేయు కణములను శాంతింపజేయునని నేటి అభిప్రాయము. అనగా, అవి పొలములో నిలిచి పనిచేయు పాలేరులు కావు. వచ్చి మంచిమాట చెప్పి వెడలిపోవు పెద్దమనుష్యులు.

మనుష్యులపై ఫలితము లెట్లున్నవి? 2010లో హైదరాబాదులోని డెక్కన్ వైద్యకళాశాల పరిశోధకులు, సిర్రోసిస్ ముదిరిన 25 మందికి పిండకాలేయపు మూలకణము లెక్కించి, కొన్ని నెలలలో మేలు కనబడినదని ప్రకటించిరి. అది ఆశ కల్పించిన పని. కాని చిన్న పరీక్ష. 2018లో ప్రకటింపబడిన బ్రిటను పరీక్షలో 81 మంది సిర్రోసిస్ రోగులను మూడు గుంపులుగా విడదీసిరి. ఒక గుంపునకు మామూలు వైద్యము, ఒక గుంపునకు మూలకణములను మూలుగనుండి నెత్తురులోనికి దింపు మందు, మూడవ గుంపునకు ఆ మందుతోబాటు తమ మూలకణములే తిరిగి ఎక్కించుట జరిగెను. కాలేయపు పనిలో మేలు కనబడలేదు. చికిత్స పొందిన గుంపులలోనే ఇబ్బందులు హెచ్చుగ వచ్చినవి. పోల్చుటకు వేరొక గుంపు లేనిచో ఈ సంగతి తెలిసెడిది కాదు. ఏలయన, కాలేయము తనంత తాను కోలుకొను గుణము గల అవయవము. మద్యము మాని, బరువు తగ్గి కోలుకొన్నవాడు కూడ ఆ సమయమున సూది వేయించుకొన్నచో మేలంతయు సూదికే కట్టబెట్టును.

ఇంకొక సంగతి. ఈ పరీక్షలలో పెక్కు ఇతర కారణములచే వచ్చిన సిర్రోసిస్‌పై జరిగినవే. కొవ్వువలని రోగమునకు సాక్ష్యము ఇంకను పలుచన. తిండి, బరువు, చక్కెర వెనుకటివలెనే యుండగా కణము లెక్కించుట, గండి పూడ్చక నారు నాటినట్లగును.

అందుచేతనే భారత వైద్యపరిశోధన మండలి 2017 నాటి మార్గదర్శకములు, రక్తసంబంధమైన కొన్ని రోగములకు తప్ప మూలకణములను మామూలు చికిత్సగా అమ్మరాదనినవి. మిగిలినదంతయు అనుమతి పొందిన పరీక్షగనే జరుగవలెను. అట్టి పరీక్షకు పిలిచినవారిని కుటుంబము అడుగవలసిన ప్రశ్నలు నాలుగు. దేశపు క్లినికల్ పరీక్షల పట్టికలో ఇది నమోదైనదా? నీతిసంఘము అనుమతి కలదా? అంగీకారపత్రము మనకు అర్థమగు భాషలో నున్నదా? హాని కలిగినచో పరిహార మెవరిది? ఈ నాలుగింటికి జవాబు చెప్పక మొదటనే రుసుము అడుగువాడు పరిశోధకుడు కాడు, వర్తకుడు. నిజమైన పరీక్షలో పరీక్షింపబడు చికిత్సకు రోగి డబ్బు కట్టనక్కరలేదు.

మరి నేడు చేతనున్న దేమి? దేహపు బరువులో నూటికి 5 వంతులు తగ్గినచో కాలేయపు కొవ్వు తగ్గును. 7 నుండి 10 వంతులు తగ్గినచో వాపు తగ్గును. 10కి మించినచో పలువురిలో మచ్చలు సైతము కరగును. 80 కిలోల మనిషికి ఇది 8 కిలోలు. ఇందుకు వరియన్నపు ముద్ద తగ్గించి కూరలు, పప్పు పెంచుట, తీపి పానీయములు మానుట, దినము అరగంటకు తక్కువకాకుండ వడిగా నడచుట, మద్యము విడుచుట, మధుమేహమును అదుపున నుంచుట చాలును. అమెరికాలో 2024లో రెస్మెటిరామ్ అను మాత్రకును, 2025లో సెమాగ్లూటైడ్ అను వారమునకొక సూదికిని, మచ్చలు పడినను సిర్రోసిస్‌కు చేరని రోగులకై అనుమతి లభించినది. ఇవి మూలకణములు కావు. పెద్ద పరీక్షలలో నెగ్గిన మందులు. మధుమేహ మున్నవారు, నడుము లావైనవారు వైద్యుని నడిగి రక్తపరీక్షయు, కాలేయపు బిగువును కొలుచు పరీక్షయు చేయించుకొన్నచో తాము ఏ మెట్టున నున్నదియు తెలియును.

మూలకణ విజ్ఞానము బూటకము కాదు. ఇంకను పండని పంట. పచ్చికాయను పండని అమ్మువాని మాట నమ్మి ఎకరము పొలము నమ్ముకొన్న కుటుంబమునకు రోగమును మిగులును, అప్పును మిగులును. ఎంత ఆశ చూపిన ప్రకటనయైనను, సంతకమునకు ముందు గ్రంథాలయపు బల్లపై పెట్టి నలుగురును చదివి ఆ నాలుగు ప్రశ్నలు వేయుట అలవాటైనచో, ఈ ఇరువదియైదేండ్ల శ్రమకు అదియే తగిన ఫలము.