తల్లి చనిపోయిన రోజు బిడ్డ ఎక్కడుంది?

(తిరుపతిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల సంరక్షణ చట్టాల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. చట్టం చెబుతాను. కానీ దానికంటే ముందు మేం చేసిన ఒక పొరపాటు చెప్పుకోవాలి. ఇన్నాళ్లూ ఏ సమావేశంలోనూ దాన్ని పూర్తిగా చెప్పలేదు.

2011లో చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లోని ఒక పల్లెలో ఇరవై నాలుగేళ్ల అమ్మాయి చనిపోయింది. పెళ్లయి ఆరేళ్లు. పురుగుల మందు తాగిందని అత్తింటివాళ్లు, తాగించారని పుట్టింటివాళ్లు అన్నారు. కబురు తెలిసి మేం నలుగురం ఆస్పత్రికి పరిగెత్తాం. పెళ్లయి ఏడేళ్లు నిండలేదు కనుక తహసీల్దారు వచ్చి శవ పంచనామా చెయ్యాలని పట్టుబట్టాం. చేతుల మీదా వీపు మీదా ఉన్న పాత దెబ్బలన్నీ రాయించాం. ఫిర్యాదులో ఏ మాటా జారిపోకుండా పక్కన కూర్చుని చూసుకున్నాం. ఆ రోజు మేం చేసిన పని మీద మాకు చాలా గర్వంగా ఉండింది.

సాయంత్రం ఆరింటప్పుడు ఒక ఆటో డ్రైవరు వచ్చి అడిగాడు. "మేడమ్, ఈ బిడ్డ ఎవురిది? పొద్దున్నించీ నా బండిలోనే పండుకోనుంది."

చనిపోయినామె కూతురు. నాలుగేళ్లు. ఆ గుంపులో ఎవరి చేతిలోనో దిగి, ఆటో వెనక సీట్లో నిద్రపోయింది. మధ్యలో లేచి ఏడిస్తే ఆ డ్రైవరే బన్ను కొనిచ్చాడట. అమ్మ చనిపోయిన రాత్రి ఆ ఇంట్లో ఉన్నవాళ్లలో ఈ బిడ్డ కూడా ఒకతి. పోలీసులు, తహసీల్దారు, పాత్రికేయులు, మేము, ఇంతమందిలో ఒక్కరికీ ఆ సంగతి తోచలేదు.

2021 జూన్‌లో ఇదే తిరుపతిలో రుయా ఆస్పత్రి దగ్గర సూట్‌కేసులో కాలిన శవం దొరికిన సంగతి మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే యువతి. కోవిడ్‌తో పోయిందని భర్త బంధువులకు చెప్పాడని పోలీసులు అన్నారు, అతన్ని అరెస్టు చేశారు. టీవీల్లో వారం రోజులు ఆ సీసీ కెమెరా దృశ్యమే తిప్పి తిప్పి చూపించారు. అందరూ సూట్‌కేసును చూశారు. నేను మాత్రం అతని చంకలో ఉన్న ఏడాదిన్నర బిడ్డనే చూస్తూ ఉండిపోయాను. పదేళ్ల కిందటి ఆటో గుర్తొచ్చింది.

మళ్లీ మా కేసుకు వస్తాను. బిడ్డను అమ్మమ్మ తీసుకుపోయింది. అక్కడ అవ్వ అంటారు, నేనూ అవ్వ అనే అంటాను. మూడు నెలలకు తండ్రి బెయిలు మీద వచ్చాడు. రాగానే పెద్దమనుషులు కూర్చున్నారు. వాళ్లు తెచ్చిన రాజీ సూటిగానే ఉంది: "బిడ్డను మీరే పెట్టుకోండి, పెళ్లిలో పెట్టిన పన్నెండు సవర్ల నగలు వెనక్కిస్తారు, మీరు కేసు వదులుకోండి." అవ్వ మా దగ్గరికొచ్చి, "పోయిన బిడ్డ ఎట్లా రాదు, ఉన్న బిడ్డను కాపాడుకోనీండమ్మా" అని ఏడ్చింది. మేం కాదనలేకపోయాం. ఒప్పుకొమ్మనలేదు, వద్దనీ అనలేదు. ఆ పూట మౌనంగా కూర్చున్నవాళ్లలో నేనూ ఒకదాన్ని.

ఇక్కడ చట్టం కొంచెం చెప్పాలి. వరకట్న మరణం, అప్పటి శిక్షాస్మృతిలో 304బి, 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన న్యాయ సంహితలో 80. అది రాజీకి వీల్లేని నేరం. 498ఏలో మాత్రం 2003లో మన రాష్ట్రం తెచ్చిన సవరణ వల్ల అప్పట్లో కోర్టు అనుమతితో రాజీపడే వీలుండేది. పల్లెలో పెద్దమనుషులకు ఈ తేడాతో పనిలేదు. రాజీ కుదరని చోట సాక్షులు అడ్డం తిరిగితే సరిపోతుంది. 2014లో అవ్వ, తాత, మేనమామ ముగ్గురూ బోనెక్కి "మాకేమీ తెలియదు, మా అమ్మాయి సుఖంగానే ఉండేది" అని చెప్పారు. కేసు కొట్టేశారు.

మరుసటి ఏడాది తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆర్నెల్లు తిరక్కముందే బిడ్డ కోసం కోర్టులో పిటిషన్ వేశాడు. పెద్దమనుషుల కాగితం? అది కోర్టులో చిత్తుకాగితంతో సమానం. బిడ్డ సంరక్షణను ఇద్దరు పెద్దవాళ్లు మాట్లాడుకుని అమ్ముకోవడానికి, కొనుక్కోవడానికి చట్టం ఒప్పుకోదు. ఒకందుకు అది మంచిదే. కానీ ఆ రోజు మాకు మంచిగా అనిపించలేదు.

తల్లి లేకపోతే తండ్రే సహజ సంరక్షకుడు. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షణ చట్టం ఆరో సెక్షన్ అసలు తండ్రి పేరే ముందు పెట్టింది, తల్లిని ఆ తర్వాత. రచయిత్రి గీతా హరిహరన్ వేసిన కేసులో 1999లో సుప్రీంకోర్టు ఆ "తర్వాత" అనే మాటకు కొంత అర్థం మార్చింది గానీ, తల్లి చనిపోయిన ఇంట్లో ఆ తీర్పు ఏం అక్కరకొస్తుంది? 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం పందొమ్మిదో సెక్షన్ ప్రకారం తండ్రి బతికి ఉండి, అతను అనర్హుడని కోర్టు అనుకోకపోతే, వేరే సంరక్షకుణ్ణి నియమించడానికి లేదు. మనకు మిగిలిన దారులు రెండు. 1956 చట్టం పదమూడో సెక్షన్, బిడ్డ క్షేమమే అన్నింటికంటే ముఖ్యమంటుంది. 1890 చట్టం పదిహేడో సెక్షన్, అడిగేవాడి నడవడి ఎలాంటిదో చూడమంటుంది, తెలిసే వయసుంటే బిడ్డ ఇష్టమేమిటో కూడా వినమంటుంది.

ఈ దారిలో గెలిచినవాళ్లున్నారు. 1992లో గుజరాత్ నుంచి వచ్చిన కీర్తికుమార్ జోషి కేసులో తల్లి అసహజ పరిస్థితుల్లో చనిపోయింది. తండ్రి మీద 498ఏ కేసు నడుస్తోంది. న్యాయమూర్తులు పిల్లలతో స్వయంగా మాట్లాడి మేనమామ దగ్గరే ఉంచారు. 2008 నాటి నీల్ రతన్ కుండు కేసు మనకు ఇంకా దగ్గర. కింది కోర్టు, కలకత్తా హైకోర్టు రెండూ బిడ్డను తండ్రికి ఇమ్మంటే, సుప్రీంకోర్టు ఆ తీర్పులు రద్దు చేసి అమ్మమ్మ తాతల దగ్గరే ఉంచింది. భార్య మరణం విషయంలో తండ్రి మీద క్రిమినల్ కేసు నడుస్తుంటే దాన్ని పట్టించుకోకుండా అతని నడవడిని ఎలా తూకం వేస్తారని తప్పుపట్టింది. ఈ రెండు తీర్పుల నకళ్లు మీ సంస్థ బీరువాలో ఉండాలి. అదే సమయంలో 2019లో ఇంకో తీర్పు వచ్చింది, అదీ చదవండి. అందులో తల్లి జబ్బుతో చనిపోయింది, తండ్రి మీద ఏ ఆరోపణా లేదు. బిడ్డను తండ్రికే ఇచ్చారు. అది సరైనదే. తండ్రి అయినంత మాత్రాన దోషి కాడు. మనం ఏ ఇంటికి వెళ్లినా ఈ సంగతి మరిచిపోకూడదు.

మా దగ్గర ఏమున్నట్టు? నడుస్తున్న కేసు లేదు. మేం కూర్చుని రాయించిన ఫిర్యాదును మావాళ్లే అబద్ధమన్నారు. బిడ్డను దక్కించుకోవడానికని అవ్వ ఏది వదులుకుందో, బిడ్డను నిలుపుకోవడానికి కావలసింది సరిగ్గా అదే.

అప్పుడు మేం ఇంకో పొరపాటు చేశాం. ఇది చెప్పడమే నాకు ఎక్కువ కష్టం.

తండ్రి తనను కూడా కొట్టేవాడని పాప అవ్వతో ఎప్పుడో చెప్పిందట. నిజమే అయ్యుండవచ్చు. ఆ మాట జడ్జి ముందు గట్టిగా రావాలని, ఎనిమిదేళ్ల పిల్లను నాలుగు ఆదివారాలు మా ఆఫీసులో కూర్చోబెట్టి "ఇట్లా అడిగితే ఇట్లా చెప్పు" అని నేర్పాం. జడ్జిగారు తన గదిలోకి పిలిచారు. పాప గడగడా చెప్పేసింది. చెప్పి, తలుపు దగ్గర నిలబడ్డ నా వైపు తిరిగి, "కరెక్టుగా చెప్పినానా ఆంటీ?" అని అడిగింది.

ఆ తర్వాత ఆమె చెప్పిన నిజం కూడా నిజంగా నిలవలేదు. సెలవులన్నీ తండ్రి దగ్గర, బడి రోజులు అవ్వ దగ్గర అని ఉత్తర్వు వచ్చింది. జడ్జిగారిని నేను తప్పుపట్టలేను. నేనైనా అంతకంటే భిన్నంగా రాసి ఉండేదాన్ని కాదు. ప్రతి వేసవికీ చేతిసంచీతో బస్సెక్కే ముందు ఆ పాప రెండు రోజులు అన్నం తినేది కాదని అవ్వ చెప్పేది. అక్కడికి పోయాక ఎలా ఉండేదో మాకు తెలియదు. ఆ వైపు వెళ్లి చూసినవాళ్లు మనలో ఎవరూ లేరు.

అందుకే ఇప్పుడు మేం పద్ధతి మార్చుకున్నాం. కబురు రాగానే నలుగురిలో ఒకరు బిడ్డ కోసమే వెళతారు. ఆమెకు పంచనామాతో, ఫిర్యాదుతో సంబంధం ఉండదు. బిడ్డ ఆ రాత్రి ఎక్కడుంటుంది, టీకాల కార్డు, బడి కాగితాలు ఎవరి దగ్గరున్నాయి, ఇవే ఆమె పని. బిడ్డ తనంతట తాను ఏదైనా చెబితే చెప్పిన మాటల్లోనే, తేదీ వేసి రాసిపెడుతుంది. రెండోసారి అడగదు. చిన్నపిల్లలు సాక్ష్యానికి పనికిరారన్నది నిజం కాదు. ప్రశ్న అర్థమై జవాబు చెప్పగలిగితే చాలు. అయితే ఆ అడిగేది మనం కాదు. బిడ్డ మీద అఘాయిత్యం జరిగిందనే అనుమానముంటే 2012 నాటి పోక్సో చట్టం ఉంది, బాలల సంక్షేమ సమితి ఉంది. అవ్వ చేతనో మేనమామ చేతనో సంరక్షణ పిటిషన్ మొదటి నెలలోనే వేయిస్తున్నాం, తండ్రి వేసేదాకా ఆగడం లేదు. క్రిమినల్ కేసు నడుస్తుండగానే మధ్యంతర ఉత్తర్వు తెచ్చుకోవడానికి పన్నెండో సెక్షన్ ఉంది. బిడ్డ మామూలుగా ఎక్కడ ఉంటుందో ఆ ఊరి కోర్టుకే అధికారం కనుక, ఎక్కడ ఉంచుతున్నామో కూడా ఆలోచించే చేస్తాం.

ఇక నగల మాట. పెద్దమనుషులు ఆ పన్నెండు సవర్లూ ఏదో దయతలచినట్టు అవ్వకు ఇప్పించారు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ఆరో సెక్షన్ చూడండి. పెళ్లయిన ఏడేళ్లలో స్త్రీ అసహజంగా చనిపోతే ఆమెకు ఇచ్చిన కట్నం ఆమె పిల్లలకు చెందుతుంది. పిల్లలు లేకపోతేనే తల్లిదండ్రులకు. 1986 సవరణ ఇది. అంటే బేరంలో పెట్టిన ఆ బంగారం మొదటినుంచీ పాపదే. ఆమె సొమ్మునే ఆమె కేసుకు వెలకట్టారు. ఆ రోజు మాకు ఈ సెక్షన్ తెలియదు. తెలిసిన లాయరు ఆ గుంపులో ఉన్నాడేమో, నోరు విప్పలేదు.

ఆమెను చంపారో, తానే తాగిందో నాకు ఈ రోజుకీ తెలియదు. తెలుసుకోవలసిన చోట అడగవలసినవాళ్లం అడగకుండా ఊరుకున్నాం.

పాపకు పద్దెనిమిది నిండాయి. ఇక ఆమె సంరక్షణ ఎవరిదన్న తగాదా లేదు. తిరుపతిలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుకుంటోంది. పోయిన నెల మా ఇంటికి వచ్చింది. కాఫీ తాగి, కాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడి, "ఆంటీ, మా అమ్మ కేసు కాగితాలు యాడ దొరుకుతాయి? పోస్టుమార్టం రిపోర్టు, మా అవ్వ చెప్పిన సాక్ష్యం, అన్నీ చదవాల" అంది. ఎందుకని నేను అడగలేదు. పంచనామా రాయించినప్పుడు నేను అక్కడే ఉన్నానని మాత్రం చెప్పాను. "తెలుసు, అందుకే మీ దగ్గరికొచ్చినా" అంది.

సర్టిఫైడ్ కాపీల కోసం ఆమె పేరు మీదే దరఖాస్తు రాసి పెట్టాం. వచ్చే సోమవారం ఇద్దరం కోర్టుకు వెళుతున్నాం.